రంగు తీసేశాక లాన్ చేనీ: ‘ది అన్‌నోన్’ బ్లూ-రే

పాత మంచి సినిమాలను డిస్కులుగా తెచ్చే క్రైటీరియన్ సంస్థ 2023 అక్టోబరులో తెచ్చిన రెండు డిస్కుల బ్లూ-రే పెట్టెలో టాడ్ బ్రౌనింగ్ తీసిన మూడు సినిమాలున్నాయి: ‘ఫ్రీక్స్’ (1932), ‘ది అన్‌నోన్’ (1927), ‘ది మిస్టిక్’ (1925). పెద్దపీట ‘ఫ్రీక్స్’కే వేశారు. అదనపు విశేషాల్లో ఎక్కువ భాగం కూడా దాని చుట్టూనే ఉంది. కానీ నాటకాల నుంచి వచ్చి మూకీల్లో మకుటం లేని మహారాజైన లాన్ చేనీని అర్థం చేసుకోవాలనుకునేవాళ్ళకు ఈ పెట్టె విలువ ‘ది అన్‌నోన్’ దగ్గరే ఉంది. మిగతా రెండింటిలో చేనీ లేడు.

చేనీకి ‘వెయ్యి ముఖాల మనిషి’ అన్న బిరుదు మేలు కంటే కీడే ఎక్కువ చేసింది. గూనివాడు, ఒపేరా హౌస్ భూతం, కోరపళ్ళ మనిషి అంటూ అందరి చూపూ ముఖాన పూసిన రంగు దగ్గర, అంటించిన మైనం దగ్గర ఆగిపోయింది. ఆయన అసలు బలం ఆహార్యం (వేషం, రంగు) కాదు, ఆంగికం (ఒంటి కదలిక). ‘ది అన్‌నోన్’లో ఆ ముఖాన పూత దాదాపు లేదు. పైగా చేతులు కూడా కట్టేశారు. కళ్ళు, దవడ, మెడ, భుజాలు మాత్రమే మిగిలాయి. వాటితోనే గంటకు పైగా నడిపించాడు. ఈ డిస్కును సిఫార్సు చేయడానికి మొదటి కారణం అదే.

ఆ ఒళ్ళు ఎక్కడ తయారైందో తెలిస్తే సినిమా మరింత బాగా పట్టుబడుతుంది. చేనీ 1883 ఏప్రిల్ 1న కొలరాడో స్ప్రింగ్స్‌లో పుట్టాడు. తల్లిదండ్రులిద్దరూ బధిరులు. కొలరాడోలో బధిరుల పాఠశాల నెలకొల్పినవాడు ఆయన తల్లికి తండ్రి. ఇంట్లో మాటలన్నీ చేతులతో, ముఖంతో. ఊళ్ళోని ఒపేరా హౌస్‌లో తెరవెనక పనులు చేసి, 1902 నుంచి వేషాలు కట్టడం మొదలుపెట్టాడు. ఊరూరా తిరిగే సంగీత హాస్య నాటక కంపెనీలలో చేరాక హాస్యగాడు, డాన్సరు, డాన్సులు కూర్చేవాడు, స్టేజి మేనేజరు, ఏ పని ఖాళీగా ఉంటే అది చేశాడు. ఇక్కడ గుర్తుపెట్టుకోవాల్సింది డాన్సు. భయానక పాత్రల చేనీని తలుచుకునేవాళ్ళకు ఆయన పదేళ్ళపాటు ప్రధానంగా హాస్య నృత్య కళాకారుడని తట్టదు. కుంటినా, పాకినా, కూలబడినా ఆ కదలికకు ఒక లెక్క, ఒక లయ ఉండడం అక్కడి నుంచి వచ్చిందే.

1913 నాటికి యూనివర్సల్‌లో చిన్న చిన్న సినిమాల్లో కనిపించసాగాడు. అప్పటికి స్టూడియోల్లో ఇప్పటిలా మేకప్ శాఖలు లేవు. నటుడు తన రంగుల పెట్టె తానే తెచ్చుకునేవాడు. పొద్దున్నే వచ్చి కూచుంటే అసిస్టెంట్ డైరెక్టరు వచ్చి నావికుడు కావాలి, ముసలివాడు కావాలి అని కేకేసేవాడు. ఏది అడిగితే అది పది నిమిషాల్లో కాగలిగినవాడికి ఆ రోజు కూలి దక్కినట్టే. నాటక కంపెనీల్లో ఒకే రాత్రి మూడు వేషాలు మార్చిన అలవాటు చేనీకి అలా అన్నం పెట్టింది. అయినా 1918లో వారానికి 125 డాలర్లు అడిగితే, నువ్వు వందకు మించి ఎప్పటికీ చెయ్యవని స్టూడియో మేనేజరు అన్నాడని చెబుతారు. చేనీ బయటికొచ్చాడు. మరుసటి ఏడాది ‘ది మిరకిల్ మ్యాన్’లో కాళ్ళూ చేతులూ వంకర్లు పోయిన వికలాంగుడిగా నటించే మోసగాడి వేషం దొరికింది. ముడుచుకున్న ఒళ్ళు కీలు కీలుగా విప్పుకుని నిలబడే ఆ దృశ్యంతో జాతకం మారిపోయింది. సినిమా పోయింది గానీ, అదృష్టవశాత్తూ ఆ కొద్ది నిమిషాల తునక మిగిలింది. అందులో కూడా పని చేసింది ఒళ్ళే.

రంగు విషయం కూడా ఒక మాట చెప్పుకోవాలి, ఎందుకంటే నాటకం నుంచి వచ్చినవాళ్ళు మొదట బోల్తాపడేది అక్కడే. స్టేజి మీద ముడతలు గీయడానికి, బుగ్గలు లోతుకు పోయినట్టు చూపించడానికి ఎరుపు, ముదురు గోధుమ రంగులు వాడేవారు. దూరాన కూచున్న ప్రేక్షకుడికి అవి నీడల్లా కనిపిస్తాయి. ఆనాటి ఆర్థోక్రోమాటిక్ ఫిల్ముకు ఎరుపు ఆనదు, తెరమీద నల్లగా పడుతుంది. నీలమేమో తెల్లబడిపోతుంది. అందుకే తొలినాటి మూకీల్లో కొందరి పెదవులు బొగ్గు పూసినట్టు, నీలికళ్ళు గాజుకళ్ళలా ఉంటాయి. పైగా కెమెరా రెండు గజాల దూరంలో ఉంటుంది కాబట్టి గీసిన ముడత గీతలాగే కనిపిస్తుంది. చేనీ గీయడం తగ్గించి నిజంగా ఎత్తుపల్లాలు కట్టడం మొదలుపెట్టాడు. దూది మీద కొలోడియన్ అనే, ఆరితే గట్టిపడే ద్రవం పూసి దవడ ఎముకలు పెంచడం, మైనంతో ముక్కు మలచడం, నోట్లో గట్టాపర్చా (రబ్బరులాంటి చెట్టుపాలు) పళ్ళు పెట్టుకోవడం అలా వచ్చినవే. ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికా 1929 నాటి 14వ ముద్రణకు మేకప్ మీద వ్యాసం ఆయన చేతే రాయించారంటే ఆ విద్యలో ఆయన మాటకున్న బరువు తెలుస్తుంది. ఆయన రంగుల పెట్టె ఇప్పుడు లాస్ ఏంజలెస్ కౌంటీ నేచురల్ హిస్టరీ మ్యూజియం దగ్గరుంది.

అంత విద్య తెలిసినవాడు దాన్ని పక్కన పెట్టిన సినిమా ‘ది అన్‌నోన్’. కథ తెలియకుండా చూడాలనుకునేవాళ్ళు వచ్చే మూడు పేరాలు దాటేయండి.

స్పెయిన్‌లోని ఒక సర్కస్. చేతులు లేని అలాంజో కాళ్ళతో కత్తులు విసురుతాడు, తుపాకీ పేలుస్తాడు. నిజానికి అతనికి రెండు చేతులూ ఉన్నాయి. ఎడమచేతికి రెండు బొటనవేళ్ళు ఉండడంతో పోలీసులు పోల్చుకుంటారని నడుముకు బిగించి దాచుకున్న నేరస్థుడు. సర్కస్ యజమాని కూతురు నానన్‌కు (జోన్ క్రాఫర్డ్) మగవాళ్ళ చేతులంటేనే వణుకు. అందుకే అలాంజో దగ్గర ఆమెకు భయం లేదు. ఆమె కోసం అతను చేతులు నిజంగానే తీయించుకుంటాడు. తిరిగొచ్చేసరికి ఆమెకు భయం పోయి, బలశాలి మలబార్ (నార్మన్ కెర్రీ) చేతుల్లో ఉంటుంది. వినడానికి ఇంత అసంభవమైన కథ లేదు. చూస్తున్నంతసేపూ ఆ మాటే గుర్తురాదు.

దగ్గరగా చూడాల్సిన ఘట్టాలు రెండు. మొదటిది సిగరెట్టు. బండిలో అలాంజో, అతని రహస్యం తెలిసిన మరుగుజ్జు కోహో మాత్రమే ఉంటారు. చేతులు విప్పేసి ఉన్నాయి. అయినా ఆలోచనలో పడి కాలితోనే సిగరెట్టు తీసి, కాలితోనే అగ్గిపుల్ల గీసి వెలిగించుకుంటాడు. కోహో నవ్వుతాడు. చేతులున్న సంగతే తను మరిచిపోయానని అలాంజోకు అప్పుడు తెలుస్తుంది. ఆ నవ్వు అతని మొహంలోకి దిగి, గడ్డకట్టి, ఒక ఆలోచనగా మారే క్రమాన్ని చేనీ ఒక్క టైటిల్ కార్డు అవసరం లేకుండా చూపిస్తాడు. కాళ్ళతో చేసే ఈ పనుల్లో చాలా షాట్లలో కనిపించే పాదాలు చేనీవి కావు. పుట్టుకతోనే చేతులు లేని పాల్ డెస్‌మ్యూక్‌వి. ఇది తెలిశాక చూస్తే చేనీ మీద గౌరవం తగ్గదు, పెరుగుతుంది. మరొకరి పాదం తన నోటికి సిగరెట్టు అందిస్తుంటే, అది తన కాలే అన్నట్టు మెడ ఎంత వంచాలో, చూపు ఎప్పుడు దించాలో, పెదవి ఎప్పుడు విప్పాలో అన్నీ తాళం తప్పకుండా పడాలి. డాన్సరుకే చేతనయ్యే పని అది. డెస్‌మ్యూక్‌కూ అంతే వాటా ఇవ్వాలి.

రెండోది పెళ్ళి మాట. అలాంజో తిరిగొచ్చాడు. చిక్కిపోయావేమని నానన్ అడిగితే కొంచెం కండ తగ్గిందంటాడు. పెళ్ళి మాట ఆమె ఎత్తగానే తనతోనే అనుకుంటాడు. ఇంతలో మలబార్ వచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేస్తాడు. చేనీ నవ్వడం మొదలుపెడతాడు. నవ్వు ఆగదు. నోరు నవ్వుతూనే ఉంటుంది, కళ్ళు మాత్రం చచ్చిపోతాయి. లేని చేతుల కోసం వెతుక్కుంటున్నట్టు భుజాలు ముందుకు తోసుకొస్తాయి. ఆ ఇద్దరూ కలిసి నవ్వుతుంటారు పాపం, ఏమీ తెలియక. ఈ రెండు నిమిషాల దగ్గర ఆపి, వెనక్కి వెళ్ళి, ఒకసారి కళ్ళు మాత్రమే, మరోసారి భుజాలు మాత్రమే చూడండి. చేనీని చూసి ఏకాగ్రత అంటే ఏమిటో నేర్చుకున్నానని క్రాఫర్డ్ తర్వాతి రోజుల్లో చెప్పుకునేది.

ఇక ప్రింటు సంగతి. ఈ సినిమా చాలాకాలం కనిపించకుండా పోయింది. పారిస్‌లోని సినిమా భాండాగారం సినిమాటెక్ ఫ్రాన్సేజ్‌లో దొరికిన ప్రతే లోకానికి ఆధారం. పేరు తెలియని రీళ్ళ డబ్బాల మీద అక్కడ ‘ఎరుగనిది’ అనే రాసిపెడతారు కాబట్టి, అదే పేరున్న ఈ సినిమా ఆ గుట్టలో కలిసిపోయిందని చెప్పే కథ ప్రసిద్ధం. ఆ ప్రతిలో కొంత భాగం పోయింది. టీవీలో, పాత డీవీడీలో అందరూ చూసింది దాదాపు 50 నిమిషాల ఆ సినిమానే. కథ అతుకు లేకుండా సాగడంతో లోటు పెద్దగా తెలియలేదు. ప్రాగ్‌లోని చెక్ జాతీయ చలనచిత్ర భాండాగారంలో ఉన్న విదేశీ ప్రతి నుంచి సుమారు 10 నిమిషాల భాగాన్ని తీసుకుని జార్జ్ ఈస్ట్‌మన్ మ్యూజియం 2022లో సినిమాను మళ్ళీ కూర్చింది. క్రైటీరియన్ వేసింది ఆ 2కె ప్రతినే. నిడివి సుమారు 66 నిమిషాలు.

50కి 10 కలిపితే 66 ఎలా అవుతుందని కొందరికి అనుమానం. మూకీల నిడివి వేగాన్ని బట్టి మారుతుంది. 35 ఎంఎం ఫిల్ము అడుగుకు 16 ఫ్రేములు. వెయ్యి అడుగుల రీలు సెకనుకు 24 ఫ్రేముల చొప్పున తిప్పితే 11 నిమిషాల చిల్లర, 20 చొప్పున తిప్పితే 13 నిమిషాల చిల్లర. వేగం పెరిగితే నటులు గబగబా నడిచే బొమ్మల్లా తయారవుతారు. మూకీలంటే ఇలాగే ఉంటాయనే తప్పుడు అభిప్రాయానికి సగం కారణం ఇదే. ఈ డిస్కులో నడకలు మనుషుల నడకల్లా ఉన్నాయి. చేనీ చూపు తిప్పడానికి తీసుకునే వ్యవధి ఆయన తీసుకున్న వ్యవధిలాగే అనిపిస్తుంది. పాత డీవీడీ చూసినవాళ్ళకు అన్నిటికంటే పెద్ద తేడా ఇదే, పది నిమిషాల కొత్త భాగం కంటే కూడా.

బొమ్మ నాణ్యత ఒకే తీరుగా ఉండదు. ముఖ్యమైన దగ్గరి షాట్లలో చేనీ చర్మపు రంధ్రాలు, కంటికింద తడి తెలుస్తాయి. మూలప్రతి మారిన చోట బొమ్మ మెత్తబడి, వెలుగునీడలు ముద్దకడతాయి. గీతలు, మచ్చలు అక్కడక్కడా మిగిలాయి. వాటిని పూర్తిగా తుడిచేయాలని చూస్తే ముఖాల్లో వివరం కూడా పోయేది కాబట్టి వదిలెయ్యడమే మంచిదైంది.

టీవీ సెట్టింగుల్లో మూడు సంగతులు చూసుకోవాలి. కదలికలను నునుపు చేసే మోషన్ స్మూతింగ్ తప్పనిసరిగా ఆపెయ్యాలి. తక్కువ వేగంతో తీసిన సినిమాను 24 ఫ్రేముల్లో ఇమడ్చడానికి కొన్ని ఫ్రేములను రెండుసార్లు వేస్తారు. టీవీ ఆ మధ్యలో తన సొంత ఫ్రేములు పుట్టించిందంటే కత్తులు విసిరే పాదాల చుట్టూ బంక పట్టినట్టు కనిపిస్తుంది. రెండోది, తెర కొలత 1.33, అంటే వెడల్పు ఎత్తుకు 1.33 రెట్లు. పక్కన నల్లపట్టీలు ఉండాల్సిందే. జూమ్ చేసి తెరంతా నింపితే కాళ్ళు తెగిపోతాయి. కాళ్ళే ప్రాణమైన సినిమాకు అంతకంటే ద్రోహం లేదు. మూడోది, వివిడ్ మోడ్‌లో నలుపు మరీ చిక్కబడి చేనీ కోటు, వెనకున్న తెర కలిసిపోతాయి. సినిమా మోడ్ చాలు.

ఫిలిప్ కార్లీ కూర్చిన కొత్త సంగీతం దృశ్యాన్ని అనుసరిస్తూ, అవసరమైన చోట వెనక్కి తగ్గుతుంది. పాత డీవీడీలో అల్లాయ్ ఆర్కెస్ట్రా తాళవాద్యాల మోతతో భయాన్ని పెంచేది. అది ఇష్టపడినవాళ్ళకు కార్లీ మరీ సాధువుగా అనిపించవచ్చు. నవ్వు ఘట్టంలో మాత్రం కార్లీ పద్ధతే సరైనది. అక్కడ చేనీకి ఎవరి సాయమూ అక్కర్లేదు.

సినిమా చరిత్రకారుడు డేవిడ్ జె. స్కాల్ వ్యాఖ్యానం (సినిమా నడుస్తుండగా వినిపించేది) ‘ది అన్‌నోన్’కూ ‘ఫ్రీక్స్’కూ ఉంది. ‘ది మిస్టిక్’కు పరిచయం మాత్రమే చెప్పాడు. ఆయన ధ్యాస సహజంగా బ్రౌనింగ్ మీద. కుర్రతనంలో సంత ప్రదర్శనల్లో బతికుండగానే పూడ్చిపెట్టించుకునే శవంగా పనిచేసిన బ్రౌనింగ్‌కు ఈ లోకం ఎంత దగ్గరో బాగా చెబుతాడు. మొదటిసారి మాత్రం వ్యాఖ్యానం లేకుండా చూడండి.

లోపమంటే ఒకటే గానీ అది పెద్దది. చేనీ, బ్రౌనింగ్ కలిసి 1919 నుంచి 1929 వరకు పది సినిమాలు చేశారు. అయినా ఈ పెట్టెలో చేనీ గురించి ప్రత్యేకంగా తీసిన డాక్యుమెంటరీ గానీ, ఆయన నాటకాల రోజుల మీద వ్యాసం గానీ లేదు. బ్రౌనింగ్, భయానక చిత్రాల గురించి రచయిత్రి మెగన్ అబ్బట్ ఇంటర్వ్యూ, ‘ఫ్రీక్స్’ మీద పాత డాక్యుమెంటరీ, దాని వేరువేరు ముగింపుల మీద కార్యక్రమం, 1947లో దానికి తగిలించిన ముందుమాట, విమర్శకురాలు ఫారన్ స్మిత్ నేమీ వ్యాసం ఉన్నాయి. పెట్టె బ్రౌనింగ్ పేరు మీద వచ్చింది కాబట్టి న్యాయమే అనుకున్నా, ‘ది అన్‌నోన్’ను నిలబెట్టిన మనిషికి ఒక అరగంట కేటాయించాల్సింది.

‘ది మిస్టిక్’ దొంగ సోదెగత్తెల కథ. నాయిక ఐలీన్ ప్రింగిల్ దుస్తులు ఫ్యాషన్ కళాకారుడు ఎర్టే రూపకల్పన. డీన్ హర్లీ కొత్త సంగీతం ఇచ్చాడు. ఒకసారి చూడొచ్చు. ‘ఫ్రీక్స్’ గురించి వేరే రాయాలి, ఇక్కడ చోటు చాలదు.

చేనీ మిగతా సినిమాలు కొనేటప్పుడు కూడా ప్రింటు విచారించుకోవాలి. ‘ది హంచ్‌బ్యాక్ ఆఫ్ నోటర్ డామ్’ (1923) 35 ఎంఎం మూలాలు మిగల్లేదు. ఇళ్ళల్లో వేసుకోవడానికి తీసిన 16 ఎంఎం ప్రతుల నుంచి వచ్చినవే అన్నీ. ఎంత మంచి డిస్కు కొన్నా బొమ్మ కొంత మెత్తగానే ఉంటుంది, మోసపోయామనుకోకండి. ‘ది ఫాంటమ్ ఆఫ్ ది ఒపేరా’ రెండు రూపాల్లో ఉంది. 1925 నాటి అసలు కూర్పు 16 ఎంఎంలో, తర్వాత మార్చి మళ్ళీ విడుదల చేసినది 35 ఎంఎంలో దొరుకుతాయి. రెండోది స్పష్టంగా ఉంటుంది గానీ కథ క్రమం కొంత వేరు. రెండూ ఉన్న సంచిక కొనడం మేలు. ఈ రెండు సినిమాల మీద హక్కుల కాలం ఎప్పుడో తీరిపోవడంతో పేరూ ఊరూ లేని చవక డిస్కులు చాలా తిరుగుతున్నాయి. వేగం తప్పు, సందర్భం లేని సంగీతం, పైనా కిందా కోసేసిన ఫ్రేము వాటి లక్షణాలు. ఇక ‘లండన్ ఆఫ్టర్ మిడ్‌నైట్’ (1927) పూర్తి సినిమా అని ఎవరైనా అమ్మితే కొనొద్దు. దాని చివరి ప్రతి 1965లో ఎం.జి.ఎం. గోదాము అగ్నిప్రమాదంలో పోయిందంటారు. మిగిలినవి ఫోటోలే.

చేనీ గొంతు వినాలంటే ఒక్కటే దారి, 1930లో మళ్ళీ తీసిన ‘ది అన్‌హోలీ త్రీ’. అందులో ఐదు రకాల గొంతులతో మాట్లాడి, అవన్నీ తనవేనని ప్రమాణపత్రం మీద సంతకం చేశాడు. ఆ ఏడాది ఆగస్టు 26న 47 ఏళ్ళకే పోయాడు.

బ్లూ-రే డిస్కులు ప్రాంతాల వారీగా ఏ, బీ, సీ జోన్లకు తయారవుతాయి; క్రైటీరియన్ పెట్టె అమెరికా సంచిక జోన్ ఏ డిస్కు. ప్లేయరు జోన్ బీ లేదా సీ అయితే ఆడదు, కొనేముందు చూసుకోండి. వార్నర్ 2003లో తెచ్చిన టీసీఎం ఆర్కైవ్స్ చేనీ డీవీడీలు ఇప్పటికే ఉన్నవాళ్ళు వాటిని అమ్మేయొద్దు. ‘ది అన్‌నోన్’ విషయంలో ఆ ప్రతికి కాలం చెల్లింది గానీ, అందులో ‘ది ఏస్ ఆఫ్ హార్ట్స్’ (1921), ‘లాఫ్, క్లౌన్, లాఫ్’ (1928) ఉన్నాయి. చేనీ జీవితాన్ని ఏళ్ళతరబడి పరిశోధించిన మైకేల్ ఎఫ్. బ్లేక్ వ్యాఖ్యానం, కెవిన్ బ్రౌన్‌లో తీసిన చేనీ డాక్యుమెంటరీ, ‘లండన్ ఆఫ్టర్ మిడ్‌నైట్’ ఫోటోలతో కూర్చిన పునర్నిర్మాణం కూడా దానితోనే వచ్చాయి. కొత్త పెట్టెలో లేనిదంతా దాదాపు అక్కడుంది.